నెట్ స్కోరా, స్టేబుల్‌ఫోర్డా: కొత్తగా హ్యాండిక్యాప్ వచ్చినవాళ్లు ఏది ఆడాలి?

నల్లగొండ, పాలమూరు నుంచి ఆదివారం పూట హైదరాబాద్ వెళ్లి గోల్ఫ్ నేర్చుకునేవాళ్లకు, హ్యాండిక్యాప్ (ఆటగాడి స్థాయిని బట్టి స్కోరులో ఇచ్చే స్ట్రోక్‌ల, అంటే దెబ్బల, మినహాయింపు) చేతికి రాగానే ఈ రెండు లెక్కింపు పద్ధతుల్లో ఏది ఆడాలన్న సందేహం వస్తుంది.

నెట్ స్కోరు లెక్క తేలిక. 18 హోల్స్‌లో ఆడిన స్ట్రోక్‌లన్నీ కూడి, హ్యాండిక్యాప్ తీసేస్తారు. 98 ఆడారు, హ్యాండిక్యాప్ 24 అనుకుంటే నెట్ 74.

స్టేబుల్‌ఫోర్డ్‌లో ఏ హోల్ లెక్క ఆ హోల్‌దే. హ్యాండిక్యాప్ 24 అయితే ప్రతి హోల్‌కూ ఒక స్ట్రోక్ మినహాయింపు, బాగా కష్టమైన ఆరు హోల్స్‌కు ఇంకొకటి. అలాంటి కష్టమైన పార్ 4 హోల్‌లో (మంచి ఆటగాడు 4 స్ట్రోక్‌లలో ముగించాల్సిన హోల్) 6 ఆడితే నెట్ 4, అంటే పార్: 2 పాయింట్లు. నెట్ బోగీకి (పార్ కన్నా ఒకటి ఎక్కువ) 1, నెట్ బర్డీకి (ఒకటి తక్కువ) 3. అదే హోల్‌లో 10 ఆడితే సున్నా, అంతకన్నా నష్టం లేదు. నెట్ స్కోరులో మాత్రం ఆ 10 మొత్తం కార్డుకెక్కుతుంది, ఆ టెన్షన్ మిగతా ఆటనూ పాడుచేస్తుంది. స్టేబుల్‌ఫోర్డ్‌లో ఇక పాయింట్ రాదనుకున్నప్పుడు బంతి తీసుకుని ముందుకు వెళ్లిపోవచ్చు. మన ఎండల్లో వెనకవాళ్లను నిలబెట్టకపోవడం పెద్ద మర్యాదే. మొత్తం 36 పాయింట్లు వస్తే హ్యాండిక్యాప్‌కు తగ్గట్టు ఆడినట్టు.

ఏది ఆడినా హ్యాండిక్యాప్ ఇండెక్స్ (హ్యాండిక్యాప్‌కు ఆధారమైన, మీ స్థాయిని చూపే అంకె) కట్టే తీరు ఒకటే. 2020లో వచ్చిన ప్రపంచ పద్ధతిలో చివరి 20 రౌండ్లను కోర్సు కష్టాన్ని బట్టి సర్ది, మేలైన 8 ఫలితాల సగటు తీస్తారు. ఇందులో హోల్‌కు నెట్ డబుల్ బోగీయే (మినహాయింపు పోగా పార్ కన్నా రెండు ఎక్కువ) హద్దు కాబట్టి, పైన చెప్పిన 10 కూడా 8గానే పడుతుంది.

కొత్తవాళ్లకు నా ఓటు స్టేబుల్‌ఫోర్డ్‌కే. ఆట నిలకడగా సాగుతున్నప్పుడు నెట్ స్కోరుకు మారండి. ప్రతి స్ట్రోక్‌కూ జవాబు చెప్పుకోవడం అప్పుడు అలవాటవుతుంది.