సీసాను తినే బ్యాక్టీరియానా, దాని పని చేసే ఎంజైమా?

నెల్లూరు జిల్లాలో ఇందుకూరుపేట, ముత్తుకూరు వైపు రొయ్యల గుంటల గట్ల మీద పడుండే ప్లాస్టిక్‌లో నీళ్ల సీసాలు పెట్ (పాలిఇథిలీన్ టెరెఫ్తాలేట్) అనే రకానివి, గుంటలో పరిచే షీటు హెచ్‌డీపీఈ అనే మరో రకం ప్లాస్టిక్. బ్యాక్టీరియా అయినా ఎంజైమ్ అయినా పనికొచ్చేది సీసాకే. పెట్ అణువుల గొలుసులో ఈస్టర్ అనే రసాయన బంధాలుంటాయి, అక్కడే కోత పడుతుంది. షీటులో ఉన్నవి కార్బన్–కార్బన్ బంధాలు, వీటి కత్తికి అవి తెగవు.

పెట్‌ను తినే బ్యాక్టీరియా ఇడియోనెల్లా సకాయెన్సిస్‌ను జపాన్‌లోని సకాయి నగరంలో కనుగొన్నట్టు 2016లో ప్రకటించారు. 30 డిగ్రీలు చాలు, అంటే మన వాతావరణమే. కానీ పలుచటి, స్ఫటికత (అణువులు గట్టిగా, వరుసగా పేరుకున్న భాగం) 2 శాతం కూడా లేని ఫిల్మును అరగదీయడానికే 6 వారాలు పట్టింది. సీసా గోడలో స్ఫటికత ఎన్నో రెట్లెక్కువ, దాని మీద పని ఇంకా నత్తనడకే. పైగా 3 శాతం ఉప్పులో ఇది పెరగదు. కాబట్టి గుంటలోనో, పులికాట్ ఉప్పునీటి సరస్సులోనో వదిలేద్దామన్న ఆలోచన మానుకోవాలి.

ఆకుల ఎరువులో దొరికిన ఎల్‌సీసీ అనే ఎంజైమ్‌లో మార్పులు చేసి, 2020లో చూపిన పద్ధతి వేరు. సీసాలను కరిగించి, గబుక్కున చల్లార్చి స్ఫటికత తగ్గించాలి, తర్వాత పొడి కొట్టాలి. గ్రాము పెట్‌కు 3 మిల్లీగ్రాముల ఎంజైమ్, 72 డిగ్రీల వేడి: 10 గంటల్లో 90 శాతం విడిపోయింది. పెట్ మెత్తబడేది దాదాపు 70 దగ్గర, అందుకే అంత వేడి. పెట్ నుంచి విడిపోయే టెరెఫ్తాలిక్ ఆమ్లం పీహెచ్‌ను (ఆమ్ల, క్షార స్థాయిని) పడగొడుతుంది. కాస్టిక్ సోడా పోస్తూ 8 దగ్గర నిలపకపోతే పని మందగిస్తుంది. తర్వాత ఆ ఆమ్లాన్ని వేరు చేయడానికి సల్ఫ్యూరిక్ ఆమ్లం పోస్తే, పోసిన సోడా చివరకు సోడియం సల్ఫేటుగా మిగులుతుంది, ఆ ఖర్చూ లెక్కలో వేసుకోవాలి.

టన్నుల లెక్కన సీసాలు వచ్చే చోటైతే ఎంజైమే. బ్యాక్టీరియా ఇప్పటికి ల్యాబు సరుకు.