బీఓఎం అప్‌లోడ్: కొత్తది ఎక్కించడం హాయి, ఉన్నదాన్ని మార్చాలంటేనే టెన్షన్

గాజువాక ఆటోనగర్‌లో ప్రెజర్ వెసెల్స్ (ఒత్తిడి తట్టుకునే ట్యాంకులు), పైపింగ్ స్కిడ్‌లు (ఒకే ఫ్రేమ్ మీద బిగించిన పైపుల సెట్లు) తయారుచేసే ఒక యూనిట్‌లో ప్లానింగ్ చూస్తాను. త్రీడీ మోడలింగ్ సాఫ్ట్‌వేర్‌తో కలిసి వచ్చే బీఓఎం (బిల్ ఆఫ్ మెటీరియల్స్, అంటే ఒక జాబ్‌కి కావాల్సిన సరుకుల జాబితా) మాడ్యూల్‌ను కొన్నేళ్లుగా రోజూ వాడుతున్నాను. దాని పేరు రాయడం లేదు, ఫీచర్ల లిస్టు ఎలాగూ బ్రోషర్‌లో ఉంటుంది. ఉన్న బీఓఎం మీద కొత్త రివిజన్ అప్‌లోడ్ చేస్తే ఇది ఏం చేస్తుందో అది మాత్రమే చెప్తాను.

మొదటిసారి ఎక్కించడం నిజంగా బాగుంటుంది. షీట్ ఇస్తే కాలమ్‌లు తనే గుర్తుపడుతుంది, లెవెల్ నంబర్లను బట్టి ఏ పార్టు ఏ సబ్ అసెంబ్లీ కిందికి రావాలో అమర్చేస్తుంది, ఎక్సెల్‌లో తెరిస్తే 451 అయిపోయే 00451 లాంటి పార్ట్ నంబర్లు మోడల్ నుంచి నేరుగా వస్తే చెక్కుచెదరవు. ఇది చూసే పక్క యూనిట్ వాళ్లకి గట్టిగా సిఫారసు చేశాను. ఆ మాట ఇప్పటికీ అంటాను గానీ, ముందు ఒకటి అడుగుతాను: మీ బీఓఎంలో మోడల్‌లో గీయని సరుకు ఎంత ఉంటుంది?

మాకు చాలా ఉంటుంది. ప్రైమర్, థిన్నర్, వెల్డింగ్ రాడ్లు, స్టడ్లకు పూసే యాంటీసీజ్, ఇవేవీ ఎవరూ మోడల్‌లో గీయరు. ప్లానింగ్‌లో మేమే చేత్తో కలుపుకుంటాం, సిస్టంలో అవీ మిగతా లైన్లలాగే కనిపిస్తాయి.

ఒక స్కిడ్ పని నడుస్తుండగా కస్టమర్ ఒక నాజిల్ (పైపు కలిపే మూతి) సైజు మార్చారు. డిజైన్ వాళ్లు మోడల్ సరిచేసి రివిజన్ బీ అప్‌లోడ్ చేశారు. మారాల్సింది ఆ మూతికి ఉండే ఒక ఫ్లాంజ్, దాని గ్యాస్కెట్, బిగించే స్టడ్లు, అంతే. స్క్రీన్ మీద పచ్చటి టిక్కు కూడా వచ్చింది. కానీ కొత్త షీట్‌లో లేని ప్రతి లైనూ తీసేయాల్సిందే అనుకుంటుంది ఈ సాఫ్ట్‌వేర్. మోడల్ నుంచి వచ్చిన షీట్‌లో ప్రైమర్ ఎందుకుంటుంది? దాని లైన్ పోయింది, దాంతోపాటు స్టోర్స్‌లో మా జాబ్ పేరున ఉన్న రిజర్వేషన్ కూడా పోయి టిన్నులు ఇంకో జాబ్‌కి వెళ్లిపోయాయి. ఎవరికీ ఒక్క మెసేజ్ రాలేదు.

సంగతి బయటపడింది బ్లాస్టింగ్ (పెయింట్‌కి ముందు గ్రిట్ రవ్వను గాలితో కొట్టి స్టీలు శుభ్రం చేయడం) అయిపోయాక. "ఏటి సార్, మన జాబ్‌కి ప్రైమర్ లేదంట స్టోర్స్‌లో" అని పెయింటింగ్ మేస్త్రీ ఫోన్ చేశాడు. ఎస్ఏ రెండున్నర గ్రేడ్ దాకా, అంటే దాదాపు తెల్లగా మెరిసేదాకా బ్లాస్ట్ చేసిన స్టీలు ఏ పూతా లేకుండా విశాఖ గాలిలో ఉంటే ఏమవుతుందో ఈ ఊరి ఫ్యాబ్రికేషన్ వాళ్లకి చెప్పక్కర్లేదు. పైగా తేమ 85 శాతం దాటితే పెయింట్ వేయకూడదు, స్టీలు డ్యూ పాయింట్ (గాలిలో తేమ నీరుగా పట్టే ఉష్ణోగ్రత) కంటే కనీసం 3 డిగ్రీలు వేడిగా ఉండాలి, సముద్రం పక్కన ఆ రెండూ కుదిరే గంటలు తక్కువ కాబట్టి వాటిని చూసుకునే బ్లాస్టింగ్ పెట్టుకుంటాం. పర్చేజ్ వాళ్లు తిరిగి తిరిగి టిన్నులు తెచ్చేసరికి సాయంత్రమైంది, స్టీలు మీద తుప్పు పసుపు రంగు తేలింది. మళ్లీ బ్లాస్ట్ చేయమన్నారు ఇన్‌స్పెక్టర్, ఆయన చెప్పింది న్యాయమే. గ్రిట్, కంప్రెసర్ డీజిల్, కూలీ అన్నీ రెండోసారి.

లైన్ తీసేసినందుకు కాదు నా కోపం, అడక్కుండా తీసేసినందుకు. "ఇవి షీట్‌లో లేవు, ఉంచాలా తీసేయాలా" అని ఒక్క ప్రశ్న వేస్తే సరిపోయేది. రెండు రివిజన్లను పోల్చి చూపే స్క్రీన్ ఉంది, బాగానే పనిచేస్తుంది, కానీ అప్‌డేట్ అయిపోయాకే తెరుచుకుంటుంది. ఈమధ్య వచ్చిన వెర్షన్‌లో ముందే తేడాలు చూపించే ఆప్షన్ పెట్టారు, అయితే మామూలుగా అది ఆఫ్‌లో ఉంటుంది, ప్రతి కంప్యూటర్‌లో విడిగా ఆన్ చేసుకోవాలి.

ఇప్పుడు మేం చేసేదేమిటంటే, జాబ్ నంబర్‌తో పైన ఒక బీఓఎం పెట్టి, దాని కింద మోడల్ సరుకు ఒకటి, చేత్తో కలిపేది ఇంకొకటి, విడివిడిగా ఉంచుతాం. రివిజన్ మోడల్ సరుకు ఉన్నదాని మీదే పడుతుంది, ప్రైమర్ జోలికి పోదు. స్టోర్స్‌కి రెండు స్లిప్పులు వెళ్తాయి, వాళ్లు విసుక్కుంటారు, అయినా ఇదే నయం. ఇంకోటి, పార్ట్ నంబర్‌తో మ్యాచ్ చేయమంటే రెండు ఫ్లాంజ్‌లకు వచ్చే ఒకే ఎమ్16 స్టడ్‌ను ఒక్క లైన్‌గా కలిపేస్తుంది. ఐటెం నంబర్‌తో (బీఓఎంలో ఆ లైన్ వరుస నంబర్‌తో) మ్యాచ్ చేయించండి, ఆ నంబర్లు 10, 20, 30 అని వదులుగా ఇవ్వండి. మధ్యలో ఏదైనా వస్తే 15 అని పెట్టొచ్చు, లేకపోతే కిందివన్నీ మారినట్టు చూపిస్తుంది.

మాలాగా ప్రతి ఆర్డరూ వేరుగా ఉండి, పని మధ్యలో రివిజన్లు వచ్చే చోట దీన్ని కళ్లు మూసుకుని నమ్మలేను. ఒకే వస్తువును ఏళ్ల తరబడి తయారుచేసేవాళ్లకి బహుశా ఈ ఇబ్బంది ఎదురే కాకపోవచ్చు. మేమైతే మానేయలేదు, మొదటి అప్‌లోడ్‌లో మిగిలే సమయం అంత విలువైనది. కొనేవాళ్లు డెమోలో వాళ్ల శాంపిల్ షీట్ చూసి సరిపెట్టుకోకండి. మీ పాత జాబ్ ఒకటి తీసుకెళ్లి, చేత్తో నాలుగు లైన్లు కలిపి, దాని మీద రివిజన్ షీట్ మీ కళ్ల ముందే ఎక్కించమనండి.