డిష్‌వాషర్ కనెక్షన్: హన్మకొండ చౌరస్తా దగ్గరి ఎలక్ట్రీషియన్ పని

డిష్‌వాషర్ దింపి వెళ్లిన కుర్రాళ్లు మిక్సీ బోర్డుకే ఎక్స్‌టెన్షన్ వేసి నడుపుకోమన్నారు. నాకు టెన్షన్ పట్టుకుంది. చౌరస్తా దగ్గర ఎలక్ట్రికల్ షాపు నడిపే అన్నను పిలిపించాం.

ఆయన ముందు మిషన్ మీది స్టిక్కర్ చదివాడు. 230 వోల్టులు, 2000 వాట్లు. "నీళ్లు వేడి చేస్తది కదక్కా, గీజర్ లెక్కనే. సపరేట్ లైన్ ఉండాలె" అన్నాడు. మెయిన్ బోర్డు నుంచి 2.5 స్క్వేర్ ఎంఎం రాగి వైరు లాగి, 16 యాంపుల సాకెట్, దానికి విడిగా ఎంసీబీ (లోడు ఎక్కువైతే దానంతట అదే ఆగిపోయే స్విచ్) పెట్టాడు. సాకెట్ మిషన్ వెనక కాకుండా పక్క అల్మారాలో, నీళ్ల పైపు కన్నా ఎత్తులో వచ్చింది. పైపు కారినా ప్లగ్గు తడవదు, స్విచ్ చేతికి అందుతుంది.

నాకు బాగా నచ్చింది ఎర్తింగ్ దగ్గర ఆయన శ్రద్ధ. మీటరుతో ఫేజ్‌కీ ఎర్త్‌కీ మధ్య కొలిస్తే, 230 దగ్గర రావాల్సింది 140 వోల్టులు కూడా రాలేదు. మూడో పిన్ను పేరుకే ఉందన్నమాట. పెరట్లో ఎర్త్ గుంట మూత తీస్తే క్లాంపు పూర్తిగా తుప్పు పట్టి ఉంది. అది మార్చి, గుంటలో నీళ్లు పోసి, మళ్లీ కొలిచి 228 నాకు చూపించాడు. 30 మిల్లీయాంపుల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సప్లై ఆపేసే స్విచ్) బిగించాక టెస్ట్ బటన్ నాతోనే నొక్కించాడు. టక్కున పడిపోయింది.

గోడ కొట్టిన దుమ్ము మేమే ఎత్తుకున్నాం, బిల్లు అడిగితేనే రాసిచ్చాడు. కాజీపేటలో మా చెల్లెలి ఇంటికి కూడా ఈయన్నే పంపిస్తున్నా.