నాలుగేళ్లుగా మా హాల్లో రెండు టవర్ స్పీకర్లు

"ఇద్దరు చుట్టాలొచ్చి, కూర్చోమన్నా కూర్చోకుండా నిలబడ్డట్టుంది." స్పీకర్లు అట్టపెట్టెల్లోంచి తీసి టీవీకి అటూ ఇటూ పెట్టిన రోజు మా ఆవిడ అన్న మాట ఇది. నాలుగేళ్లయింది. చుట్టాలు ఇంకా నిలబడే ఉన్నారు.

జత 28 వేలకి కోఠీ గుజరాతీ గల్లీలో కొన్నాను. మూడడుగులకి కాస్త పైన ఎత్తు, ఒక్కోటి 14 కిలోల బరువు. ఒక్కో డబ్బాలో లోతైన శబ్దాలకి, అంటే బేస్‌కి, 5.25 అంగుళాల వూఫర్లు రెండు, సన్నటి శబ్దాలకి ఒక అంగుళం సిల్క్ డోమ్ (చిన్న గుమ్మటం లాంటి పొర) ట్వీటర్ ఒకటి, వెనకవైపు గాలి ఆడే రంధ్రం, అంటే పోర్టు. ఆ మోడల్ తయారీ ఇప్పుడు ఆగిపోయింది, అందుకే పేరు రాయడం లేదు. ఈ ధరలో దొరికే టవర్లు చాలావరకు ఇదే వరసలో ఉంటాయి కాబట్టి నా అనుభవం వేరే కంపెనీవి కొనేవాళ్లకీ పనికొస్తుంది.

షాపులో విన్నప్పుడు నేల అదిరింది. ఇంటికొచ్చాక చూస్తే మృదంగం ఎడమవైపు మోత డబ్బా కొట్టినట్టు పల్చగా ఉంది. గాయకుడి గొంతు మధ్యలో నిలబడకుండా గది అంతా చెదిరిపోయింది. కొత్త స్పీకర్లు కదా, కొన్నాళ్లు మోగితే తెరుచుకుంటాయని మూడు వారాలు ఓపిక పట్టాను. చివరికి ఒక ఆదివారం టార్చ్ పట్టుకుని వెనక్కి దూరితే సంగతి బయటపడింది. ఎడమ స్పీకర్‌కి ఎరుపు, నలుపు వైర్లు తారుమారు చేసి బిగించింది నేనే. ఒక స్పీకర్ వూఫర్లు ముందుకు తోస్తుంటే రెండోదానివి వెనక్కి లాగుతున్నాయి, రెండింటి బేస్ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటోంది. వైర్లు మార్చిన మరుక్షణం గొంతు టీవీ మధ్యలోకి వచ్చి కూర్చుంది. మీకూ ఇలా అనుమానం వస్తే ఆంప్లిఫయర్ నుంచి వైర్లు ఊడదీసి, 1.5 వోల్టుల పెన్సిల్ బ్యాటరీని ఒక్క క్షణం తాకించి చూడండి. బ్యాటరీ ప్లస్ ఎరుపు వైరుకి తగిలినప్పుడు రెండు స్పీకర్ల వూఫర్లూ బయటికే కదలాలి.

అది సరయ్యాక ఇంకో తలనొప్పి మొదలైంది. ఈసారి బేస్ ఎక్కువైంది. బేస్ గిటార్ కొన్ని స్వరాల దగ్గర మాత్రమే 'బుమ్మ్' అని ఉబ్బుతుంది, పక్క స్వరం మామూలుగా ఉంటుంది. ఫోన్లో ఒకే స్వరం మోగించే టోన్ జనరేటర్ ఆప్ వేసి ఒక్కో హెర్ట్జ్ (సెకనుకి ఎన్ని కంపనాలో ఆ లెక్క) మెల్లగా పైనుంచి దింపాను. 43 దగ్గరికి రాగానే షోకేస్ అద్దాలు గలగలమన్నాయి. ఇందులో స్పీకర్ తప్పేమీ లేదు. మా హాలు పొడవు 13 అడుగులు, ఆ తరంగంలో సగం సరిగ్గా ఆ పొడవుకి సరిపోతుంది. పైగా సోఫా వెనక గోడకి ఆనించి ఉంది, ఆ గూంజు బాగా పోగయ్యేది అక్కడే. సోఫాను అడుగున్నర ముందుకి జరిపాను. స్పీకర్లను గోడకి ఆరంగుళాల దూరం నుంచి అడుగున్నర దూరానికి లాగాను. ఆ రెండు జరుపుళ్లతో వచ్చిన తేడా, తర్వాత ఖరీదైన వైరు మార్చినప్పుడు వెతికినా కనపడలేదు. మామూలు 16 గేజ్ రాగి వైరు చాలు.

కాకపోతే అడుగున్నర ముందుకొచ్చిన స్పీకర్ తడిగుడ్డకి దగ్గరవుతుంది. దీని గురించి నాకు ముందుగా ఎవరూ చెప్పలేదు. ఈ డబ్బాలు ఎండీఎఫ్‌వి, అంటే చెక్క పీచుని జిగురుతో అదిమి చేసిన పలకవి. రోజూ మాపు తగిలి తగిలి రెండో ఏడాదికి కుడి స్పీకర్ అడుగు అంచు తడిసిన బిస్కట్టులా ఉబ్బింది. అప్పుడు మేలుకుని, పక్కన పడేసిన స్పైకులు, అంటే స్పీకర్ అడుగున బిగించే మొనదేలిన కాళ్లు, వెతికి బిగించాను. టైల్స్ గీసుకుపోకుండా ఒక్కో స్పైకు కింద ఒక ఐదు రూపాయల బిళ్ల, మొత్తం ఎనిమిది, నలభై రూపాయలు. ఇప్పుడు నీళ్లు కిందనుంచే పోతున్నాయి.

పోర్టులో బల్లి కాపురం పెట్టింది. ఓ రాత్రి పాట మధ్యలో పోర్టులోంచి తోక బయటికొచ్చి ఊగింది. మా అమ్మ కేకకి పక్క ఫ్లాట్‌వాళ్లు వచ్చారు. అప్పటినుంచి రెండు పోర్టుల్లోనూ పాత సాక్సులు చుట్టి దూర్చాను. విచిత్రంగా, మిగిలిన కాస్త గూంజు కూడా దాంతోనే తగ్గింది.

ఆంప్లిఫయర్ సెకండ్ హ్యాండ్‌ది, ఛానల్‌కి 50 వాట్లు, తొమ్మిది వేలు. వంద వాట్లది తీసుకోమని చాలామంది చెప్పారు. వాట్లు రెట్టింపైతే శబ్దం పెరిగేది మూడు డెసిబెల్సే, చెవికి తెలిసే తేడా కొంచెమే. నా స్పీకర్ల సెన్సిటివిటీ 88, అంటే ఒక్క వాటుకి మీటరు దూరంలో 88 డెసిబెల్స్ ఇస్తాయి. మామూలుగా వినేటప్పుడు మేం రెండు వాట్లు కూడా వాడం. వాల్యూమ్ సగం దాటిస్తే కింది ఫ్లాట్ అంకుల్ ఫోన్ చేస్తారు.

ఇక అసలు శబ్దం. గొంతులు బాగున్నాయి, ముఖ్యంగా మగ గొంతులు. టీవీ సొంత స్పీకర్లతో సీరియల్ మాటలు అర్థం కాక వాల్యూమ్ పెంచుతూ పోయే అమ్మ, "ఒరేయ్, ఇప్పుడు మాటలు తెలుస్తున్నాయిరా" అంది. నాగస్వరం, వయొలిన్ పైస్థాయికి వెళ్లినప్పుడు మాత్రం ట్వీటర్ కాస్త చెవిలో గుచ్చుతుంది. స్పీకర్ ముఖాలు సూటిగా మన వైపు కాకుండా కొంచెం బయటికి తిప్పితే అది సగం తగ్గింది. లోతైన బేస్ కోసం టవర్ కొంటే నిరాశే. స్పెసిఫికేషన్‌లో 40 హెర్ట్జ్ అని వేశారు గానీ, గది సాయం లేకుండా నాకు గట్టిగా వినపడేది 55 దగ్గర్నుంచే. డబ్బా ఎత్తు చూసి మోసపోతాం. లోపల ఉన్నవి చిన్న వూఫర్లే.

అదే డబ్బుకి బుక్‌షెల్ఫ్ స్పీకర్లు (స్టాండ్ మీద పెట్టుకునే చిన్న డబ్బాలు) కొంటే ఇంకా మంచి డ్రైవర్లు, అంటే వూఫర్లు, ట్వీటర్లు, వస్తాయన్న మాట నిజమే. ఇందులో చాలా డబ్బు చెక్కకే పోయింది. కానీ వాటికి స్టాండ్లు కావాలి. మంచి స్టాండ్ల జత ఏడెనిమిది వేలు అడిగారు, నేల మీద పట్టే చోటు మాత్రం అంతే. మా అమ్మాయికి అప్పుడు రెండేళ్లు. స్టాండ్ మీద డబ్బా ఉంటే ఎన్నాళ్లు ఉండేదో చెప్పనక్కర్లేదు. టవర్‌ని కూడా వదల్లేదు లెండి, ముందు కప్పి ఉండే గ్రిల్ లాగేసి ఎడమ ట్వీటర్‌ని వేలితో నొక్కింది. డోమ్ లోపలికి పోయింది. సెల్లోటేపు అంటించి మెల్లగా లాగితే బయటికొచ్చింది గానీ, మధ్యలో గోరంత మడత ఉండిపోయింది. వినికిడిలో తేడా నాకు తెలియదు. గ్రిల్ తీసినప్పుడు మాత్రం చూపు అక్కడికే పోతుంది.

పోయిన నెల సబ్‌వూఫర్, అంటే లోతైన బేస్ కోసమే వచ్చే విడి డబ్బా, ఊసెత్తాను. మూడో చుట్టం ఎక్కడ నిలబడుతుందో ముందు చూపించమంది మా ఆవిడ. టేపు పట్టుకుని కొలుస్తున్నాను.