మద్రాస్ రెజిమెంట్ చిహ్న ఫలకం: పోత పని మేలైనది, అక్షరం తప్పింది

మద్రాస్ రెజిమెంట్‌లో హవల్దారుగా పనిచేసి విరమించిన మా బాబాయికి కానుకగా ఇవ్వడానికి, ఆ రెజిమెంట్ చిహ్నాన్ని ఇత్తడిలో పోతపోసి టేకు చెక్కకు బిగించిన గోడ ఫలకాన్ని ఒక ఆన్‌లైన్ దుకాణం నుంచి 1,850 రూపాయలకు తెప్పించాను.

పోత పని నిజంగా మెచ్చదగినది. వెనుక ఏటవాలుగా దాటుకున్న రెండు కత్తులు, వాటి ముందు డాలు, డాలు మీద ఏనుగు ఉన్నాయి. కత్తి పిడుల మీది గాడులు వేలికి తగులుతాయి; ఏనుగు దంతం తొండంలో కలిసిపోకుండా విడిగా తేలింది.

ఈ ఏనుగును దక్షిణాది అడవులకు గుర్తుగా భావిస్తే పొరపాటే. 1803 సెప్టెంబరు 23న ఇప్పటి మహారాష్ట్రలోని అస్సాయే దగ్గర బ్రిటిష్ సేనాని ఆర్థర్ వెల్లెస్లీ నాయకత్వాన మరాఠా పాలకులైన సింధియా, భోంస్లే సేనలతో తలపడి గెలిచిన ఈస్టిండియా కంపెనీ దళాలలో మద్రాసు సిపాయిల పటాలాలు ఉన్నాయి. ఆ పోరుకు గౌరవంగా దక్కినదే ఈ ఏనుగు. మన నేల మీద మనవారిపైనే కంపెనీ సాధించిన గెలుపు కదా అని మనసు కలుక్కుమంటుంది. అయినా ఆ మైదానంలో నిలబడిన సిపాయి ధైర్యాన్నే నేను ఇందులో చూస్తాను.

లోపమంతా చిహ్నం కింద తెలుగులో చెక్కి అతికించిన రేకులోనే ఉంది. రెజిమెంట్ ఆదర్శవాక్యం 'స్వధర్మే నిధనం శ్రేయః'. భగవద్గీత మూడవ అధ్యాయం, 35వ శ్లోకంలోనిది. తన ధర్మంలో ఉంటూ మరణించడమే మేలని దాని అర్థం. రేకు మీద మాత్రం 'నిదానం' అని ఉంది. ఒక ఒత్తు పోయి, ఒక దీర్ఘం చేరేసరికి ప్రాణత్యాగం కాస్తా తాపీతనంగా మారిపోయింది. బాబాయి ఆ పదం దగ్గర వేలు ఆపి, "ఈ మాట మీదే కదరా మేము బతికింది" అన్నారు. దుకాణానికి ఫొటోతో సహా రాశాను; రేకు మార్చడం కుదరదని జవాబు వచ్చింది. చివరకు మా ఊళ్లో నేమ్‌ప్లేట్లు చెక్కే ఆయన చేత, అక్షరాలు కాగితం మీద రాసిచ్చి, కొత్త రేకు చేయించాను.

ఇత్తడి పనికి అయిదుకు అయిదు, రేకుకు సున్న. కొనదలచినవారు రేకు లేని ఫలకాన్నే అడిగి తీసుకోండి.