అర్జీ మనం రాసిపెట్టాలా, వాళ్ళే అడగాలా: ఏది మేలు?

మా నెల్లూరు వైపు సంఘాల్లో తిరిగేవాళ్ళ మధ్య ఈ వాదన ఎప్పుడూ ఉండేదే. కష్టంలో ఉన్నవాళ్ళ తరఫున చదువుకున్నవాళ్ళం అర్జీ రాసి, ఆఫీసుల చుట్టూ తిరిగి, అవసరమైతే కోర్టుకు పోయి పని చేయించడం మేలా, లేక ఆలస్యమైనా సరే వాళ్ళే కూర్చుని మాట్లాడుకుని వాళ్ళ నోటితోనే అడిగితే మనం పక్కన నిలబడటం మేలా? నేను రెండూ చేశాను. నా ఓటు రెండోదానికే.

అలాగని మొదటిదాన్ని తీసిపారేయను. జామాయిల్ కర్ర కొట్టడానికి అడ్వాన్స్ తీసుకుని, అది ఎంతకీ తీరక ఇరుక్కుపోయిన యానాది గిరిజన కుటుంబానికి 'ముందు సంఘం పెట్టుకోండి' అని చెప్పడం అన్యాయం. వెట్టిచాకిరీని రద్దు చేసిన 1976 చట్టం ఉంది, ఆ రోజే ఆర్డీవోకో సబ్ కలెక్టర్‌కో రాసిచ్చి, వాళ్ళను బయటికి తెచ్చి, విడుదల సర్టిఫికెట్ చేతికొచ్చేదాకా మనమే వెంటపడాలి. ఆ కాగితం లేకపోతే పునరావాసం డబ్బూ రాదు, పాత బాకీ కూడా మళ్ళీ మెడకు చుట్టుకుంటుంది. ఉచితంగా లాయరు కావాలంటే 15100కి ఫోన్ చేయొచ్చు, ఎస్సీ ఎస్టీలకు, ఆడవాళ్ళకు ఆదాయంతో పని లేదు. ప్రాణం మీదికొచ్చిన చోట ఎవరు రాశారన్నది చూడకూడదు.

మిగతా చోట్ల మాత్రం మనం రాసిపెడితే ఏమవుతుందో నా అనుభవమే చెప్తాను. ఒక గిరిజన కాలనీకి శ్మశానానికి దోవ లేదు. నాట్లు పడ్డాక శవాన్ని పొలాల్లోంచే మోయాలి. నేను రికార్డులు తీయించి, సర్వే నంబర్లతో సహా అర్జీ టైప్ చేయించి, సోమవారం అధికారులు అర్జీలు తీసుకునే గ్రీవెన్స్‌లో ఇచ్చొచ్చాను. ఫోన్ నంబరు నాదే రాశాను. కొన్నాళ్ళకు నా ఫోనుకే మెసేజ్ వచ్చింది, సమస్య పరిష్కారమైందని. వెళ్ళి చూస్తే ఒక్క తట్ట మట్టి పడలేదు, పైగా కాలనీలో ఎవరికీ అసలు అర్జీ పెట్టిన సంగతే సరిగ్గా తెలియదు.

రెండోసారి రాసింది కాలనీలోనే, చింతచెట్టు కింద కూర్చుని, ఒక్కో వాక్యం పైకి చదువుతూ. దోవ దగ్గరికి రాగానే ఒక అవ్వ ఆపింది. "అది కాదు నాయనా, వానాకాలం అక్కడ నడుములోతు నీళ్ళుంటాయి. మాకు కాలవ కట్ట మీద కావాల" అంది. అంటే మొదటిసారి నేను అడిగిన దోవే తప్పు. అది మంజూరైనా వాళ్ళకు పనికొచ్చేది కాదు. ఈసారి తొమ్మిదిమంది ఆడవాళ్ళు బస్సెక్కి వెళ్ళారు, నీళ్ళు ఎక్కడిదాకా వస్తాయో ఆ అవ్వ అధికారి ముందు చెయ్యి తన నడుముకు ఆనించి చూపించింది. మూడు వారాల్లో సర్వేయర్ వచ్చాడు.

ఇది కొత్త సంగతేం కాదు, మన జిల్లాలో అందరికీ తెలిసిందే. కలిగిరి మండలం దూబగుంటలో సారా మీద తిరగబడినవాళ్ళు ఎవరో బయటినుంచి వచ్చిన నాయకులు కాదు, రాత్రి బడిలో అక్షరాలు దిద్దుకుంటూ తమ ఇంటి బాధ నలుగురిలో చెప్పుకున్న ఆడవాళ్ళు, వాళ్ళలో ఒకరు రోశమ్మ. 1992లో సారా వేలంపాటల్ని అడ్డుకున్నారు. 1993 అక్టోబర్ 1న రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. ఆ తర్వాత 1995లో వచ్చిన పూర్తి మద్యనిషేధం 1997లో సడలిపోయింది, నిజమే. దానికి కారణం ఆడవాళ్ళు ఓడిపోవడం కాదు, చట్టం వచ్చేసింది కదా అని మనలాంటి వాళ్ళం వాళ్ళ పక్కనుంచి లేచి వెళ్ళిపోవడం అని నేననుకుంటాను.

చీరాల దగ్గరి కారంచేడు సంగతి వేరు. 1985 జూలైలో మంచినీళ్ళ చెరువును పాడుచేస్తున్న అగ్రకులం కుర్రాళ్ళను బిందె ఎత్తి అడ్డుకున్న ఒక దళిత స్త్రీతో మొదలైన గొడవ మరుసటి రోజు ఆరుగురు దళితుల ప్రాణాలు తీసింది. బతికినవాళ్ళు చీరాల వచ్చి శిబిరం వేసుకుని, వెనక్కి వెళ్ళం అని కూర్చున్నారు. అక్కడ లాయర్లూ కావాల్సొచ్చింది, దళిత మహాసభా కావాల్సొచ్చింది. కేసు సుప్రీంకోర్టులో తేలింది 2008లో. అన్నేళ్ళు కేసు నిలబడిందంటే బాధితులు నిలబడబట్టే కదా. ఎస్సీ ఎస్టీల మీద దాడుల్ని శిక్షించే 1989 అట్రాసిటీ చట్టం వెనక కూడా ఆ శిబిరం ఉంది.

రెండో దారికి ఖర్చుంది, దాన్ని దాచకూడదు. ఒక్క సోమవారం ఆఫీసుకెళ్తే ఆ రోజు కూలి పోతుంది. రొయ్యల గుంటల దగ్గర కాపలా ఉండేవాళ్ళకైతే యజమాని ఏమంటాడో అని భయం. అందుకే ఛార్జీలు చందా వేసుకోండి, ఒక్కరే వెళ్ళకండి, అర్జీ మీద వాళ్ళ నంబరే రాయించండి, రసీదు వాళ్ళ దగ్గరే ఉంచండి. అర్జీ ఏమైందో సమాచార హక్కు చట్టం (ఆర్టీఐ) కింద అడగాలన్నా దరఖాస్తు వాళ్ళ పేరు మీదే వెయ్యండి. గ్రామ స్థాయిలో ఫీజు లేదు, మండలంలో 5 రూపాయలు, 30 రోజుల్లో జవాబు రావాలి.

కాలవ కట్ట మీద మట్టి తోలారు, తూము ఇంకా వెయ్యలేదు. దానికోసం పోయిన నెల వాళ్ళే మళ్ళీ వెళ్ళొచ్చారట, నాకు తర్వాత తెలిసింది.