సెవిచేకి చేప కొనేవాళ్లు జాగ్రత్త: ‘సుషీ గ్రేడ్’ బోర్డు నమ్మి మేం పడ్డ బాధ

న్యూజెర్సీలో ఉన్న మనవాళ్లు, ముఖ్యంగా ఇంట్లో సెవిచే (పచ్చి చేప ముక్కల్ని నిమ్మరసంలో నానబెట్టి తినే పెరూ వంటకం) చేసుకునేవాళ్లు దయచేసి ఇది చదవండి. పోయిన శనివారం మా ఇంట్లో జరిగింది ఇంకొకరింట్లో జరగకూడదు.

పేటర్సన్‌లో పెరూ వాళ్ల హోటళ్లకి వెళ్లి వెళ్లి మాకు సెవిచే అలవాటైంది. మా పక్కింటి పెద్దావిడది పెరూ రాజధాని లీమా. ఆవిడ దగ్గరే నేర్చుకున్నాను. సముద్రపు తెల్ల చేప ముక్కలు, అప్పటికప్పుడు పిండిన నిమ్మరసం, ఎర్ర ఉల్లిపాయ, ఉప్పు, ఘాటు మిరపకాయ, పక్కన ఉడికించిన చిలగడదుంప. పులుపు, కారం మరిగిన మన నాలుకకి ఇట్టే నచ్చేస్తుంది.

ఈసారి రకరకాలు వేద్దామని, ఎప్పుడూ వెళ్లే కొట్టు కాకుండా దారిలో ఉన్న ఇంకో పెద్ద కొట్టుకి వెళ్లాం. మహి-మహి అనే సముద్రపు చేప పౌనున్నర, స్కాలప్స్ (ఒక రకం గుల్లల మాంసం) ఒక పౌను, రొయ్యలు ఒక పౌను. చేప మీద ‘సుషీ గ్రేడ్’ అని, అంటే పచ్చిగా తినదగ్గదని, బోర్డు. పచ్చిగా తినొచ్చా అని రెండుసార్లు అడిగాను. కొట్టతను నిశ్చింతగా తినండన్నాడు. ఐస్ పెట్టెలో తెచ్చి, ఇంటికి రాగానే ఫ్రిజ్‌లో పెట్టాను.

మొదటి ముక్క నోట్లో పెట్టుకోగానే మావారు నాలుక చురుక్కుమంటోందన్నారు. మిరపకాయ ఎక్కువ పడిందనుకున్నాం. అక్కడే పొరబడ్డాం. అరగంట తిరక్కుండా ఆయన మొహం, చెవులు, మెడ కందగడ్డలా అయిపోయాయి. ఒళ్లంతా దురద, తలనొప్పి, గుండె దడ. రొయ్యలు పడలేదేమోనని భయపడి అర్జెంట్ కేర్‌కి పరుగెత్తాం. డాక్టరమ్మ ముందడిగింది ఏ చేప తిన్నారని. మహి-మహి అనగానే ఆవిడకి అర్థమైపోయింది. ట్యూనా, మహి-మహి, మన కానాగంతల్లాంటి చేపల్ని పట్టిన దగ్గర్నుంచీ చల్లగా ఉంచకపోతే బ్యాక్టీరియా వల్ల మాంసంలో హిస్టమిన్ అనే, అలర్జీలాంటి లక్షణాలు తెప్పించే పదార్థం పేరుకుంటుంది. ఆ చురుకు దాని గుర్తే. ఒకసారి పేరుకున్నాక నిమ్మరసంలో నానబెట్టినా పోదు, ఫ్రీజ్ చేసినా పోదు, పులుసు పెట్టి మరిగించినా పోదు. వాసన కూడా మామూలుగానే ఉండొచ్చు. అలర్జీ మందు ఇచ్చారు, రాత్రికి తగ్గింది. రొయ్యలు మాత్రమే తిన్న మా బాబుకి ఏమీ కాలేదు.

స్కాలప్స్‌ది ఇంకో మోసం. గిన్నెలో వేసిన పది నిమిషాలకే పాలలాంటి నీళ్లు ఊరాయి, తింటే సబ్బు రుచి. బరువు తూగడానికి ఫాస్ఫేట్ కలిపిన నీళ్లలో నానబెట్టి అమ్ముతారు. వాటిని ‘వెట్’ అంటారు, మీరు ‘డ్రై’ అని అడిగి కొనండి. తళతళా తెల్లగా ఉన్నవి వద్దు. మీగడ రంగులో, కాస్త జిగటగా ఉండేవే మంచివి.

కొట్టుకి ఫోన్ చేస్తే మీకే అలర్జీ ఉండుంటుందన్నారు. చేప ఏ రోజు వచ్చిందో చెప్పమంటే మాట దాటేశారు. డబ్బూ తిరిగివ్వలేదు. కౌంటీ ఆరోగ్యశాఖకి ఫిర్యాదు పెట్టాను. రసీదు, మిగిలిన ముక్క జాగ్రత్తగా దాచాను. మీకిలా జరిగితే మిగిలిన చేప పారేయకండి.

తర్వాత తెలిసిందేంటంటే, అమెరికాలో ‘సుషీ గ్రేడ్’ అనే మాటకి చట్టంలో నిర్వచనమే లేదు. ఎవరైనా రాసి పెట్టుకోవచ్చు. ఊళ్లో మొప్పలెత్తి చూడందే చేప కొనని మనం, ఇక్కడ మొప్పలే లేని కోసిన ముక్కని బోర్డు చూసి కొనేస్తున్నాం. పక్కింటావిడ ఇప్పటికీ నిండు చేప ఎంచుకుని, కళ్లు, మొప్పలు చూసి, ఎదురుగా కోయించుకుంటుంది. లీమాలో సెవిచే మధ్యాహ్నపు తిండేనట, పొద్దున పడిన చేపని సాయంత్రం దాకా ఉంచరట.

నిమ్మరసం చేపని తెల్లబరుస్తుందే గానీ ఉడికించదు. పులుపుకి మాంసం గట్టిపడుతుంది, అంతే. పురుగులూ బ్యాక్టీరియా అన్నీ చావవు. పురుగులు చావాలంటే ఎఫ్‌డీఏ (అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ) లెక్క ప్రకారం మైనస్ 20 డిగ్రీల సెల్సియస్‌లో 7 రోజులు, లేదా మైనస్ 35లో గడ్డకట్టించి 15 గంటలు ఉంచాలి. ఇంటి ఫ్రీజర్ మామూలుగా మైనస్ 18 దగ్గరే ఉంటుంది, అది చాలదు. అందుకే చేప ఎప్పుడొచ్చింది, ఎంత చలిలో ఎన్నాళ్లు ఉంచారు అని అడగండి. జవాబు చెప్పలేనివాళ్ల దగ్గర పచ్చిగా తినే చేప కొనకండి.

మిగతావాటి విషయానికొస్తే, రొయ్యల్ని మరిగే నీళ్లలో వేసి, రంగు తిరిగి లోపలిదాకా ఉడికాక మంచునీళ్లలోకి తీసి, ఆ తర్వాతే నిమ్మరసం పోయండి. ఈక్వడార్‌లో రొయ్యల సెవిచే ఉడికించిన రొయ్యలతోనే చేస్తారు. స్క్విడ్, ఆక్టోపస్ కూడా ఉడకాల్సిందే. టిలాపియా, క్యాట్‌ఫిష్ లాంటి మంచినీటి చేపలు అసలొద్దు. కాలేయం జబ్బు, షుగరు ఉన్నవాళ్లు, గర్భిణులు పచ్చి ఆయిస్టర్ల జోలికి పోవద్దు, వాటిలో ఉండే విబ్రియో అనే బ్యాక్టీరియా ప్రాణం మీదికి తెస్తుంది.

కొట్టు పేరు రాయడం లేదు, ఫిర్యాదు ఇంకా తేలలేదు. ఈ మధ్య మహి-మహి గానీ ట్యూనా గానీ తిని ఎవరికైనా ఇలా మొహం ఎర్రబడి ఉంటే, మీ కౌంటీలో మీరూ ఫిర్యాదు పెట్టండి. ఒకే చోట కొన్న ఇద్దరు ముగ్గురు చెప్తే అలర్జీ అని తోసిపుచ్చలేరు.